ఎన్‌కోడర్ ఫాల్ట్ వచ్చి డ్రైవ్ ఆగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలకూ, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు యూనిట్లకూ, గ్రానైట్ కోత మిషన్లకూ డ్రైవ్ సర్వీసు చేస్తూ తిరుగుతుంటాను. డ్రైవ్ అంటే మోటార్ వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె. ఎన్‌కోడర్ అంటే మోటార్ షాఫ్ట్‌కు తగిలించి ఉండి, అది ఎంత వేగంగా, ఎటు తిరుగుతోందో పల్సుల రూపంలో డ్రైవ్‌కు చెప్పే పరికరం. ఫోనులో ఎక్కువసార్లు వినబడే మాట ఒకటే: "అన్నా, ఎన్‌కోడర్ పోయింది, కొత్తది ఎప్పుడొస్తుంది?" పోయిందని ఎలా తెలిసిందంటే, డిస్‌ప్లేలో అలా వచ్చిందంటారు. డిస్‌ప్లే చెప్పేది సిగ్నల్ సరిగ్గా అందలేదని మాత్రమే. ఎన్‌కోడర్ డిస్కు నుంచి డ్రైవ్ కార్డు దాకా మధ్యలో కప్లింగ్ (రెండు షాఫ్ట్‌లను కలిపే ముక్క), ప్లగ్గు, నలభై యాభై మీటర్ల కేబుల్, గ్లాండు (కేబుల్ పెట్టెలోకి దూరే చోట పట్టి ఉంచేది), టెర్మినల్, సప్లై ఇన్ని ఉన్నాయి. నేను మార్చిన ఎన్‌కోడర్ల కంటే మళ్లీ బిగించిన వైర్లే ఎక్కువ. ఫోనులో ఒక్కొక్కరికీ విడిగా చెప్పేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

డ్రైవ్ చూపించే కోడ్‌ను బట్టే ఏం పోయిందో తెలిసిపోదా?

సగం తెలుస్తుంది. యాస్కావా ఏ1000 లాంటి డ్రైవ్‌లో పీజీఓ అని వస్తే, మోటార్ తిరగాల్సిన సమయంలో పల్సులు అందడం లేదని అర్థం. ఫ్యాక్టరీ సెట్టింగ్ ప్రకారం రెండు సెకన్లు చూసి ట్రిప్ అవుతుంది. డీఈవీ అంటే మాత్రం వేరు. పల్సులు వస్తున్నాయి, కానీ అడిగిన వేగానికీ వచ్చే వేగానికీ తేడా ఎక్కువగా ఉంది. ఈ రెండో కోడ్‌కు ఎన్‌కోడర్‌తో సంబంధమే లేకపోవచ్చు. బ్రేక్ విడవలేదు, గేర్‌బాక్స్ పట్టేసింది, లోడు ఎక్కువైంది, యాక్సిలరేషన్ టైమ్ మరీ తక్కువ పెట్టారు. వీటిలో ఏది జరిగినా అదే కోడ్ వస్తుంది. ఒక గుజ్జు యూనిట్లో కన్వేయర్ బెల్టు కింద టెంకలు ఇరుక్కుని డీఈవీ వస్తుంటే రెండు ఎన్‌కోడర్లు మార్చారు. నేను వెళ్లి చేసిందల్లా బెల్టు కింద చెయ్యి పెట్టడమే, అదీ మెయిన్ ఆఫ్ చేసి తాళం వేశాక.

సీమెన్స్ ఎస్120లో ఎఫ్31100 వస్తే, ఒక రౌండుకీ ఇంకో రౌండుకీ మధ్య రావాల్సినన్ని పల్సులు రాలేదు, లేదా ఎక్కువ వచ్చాయి. నాయిస్ (బయటి నుంచి సిగ్నల్‌లో కలిసే విద్యుత్ అలజడి) కావచ్చు, ఎన్‌కోడర్ పల్సుల సంఖ్య పారామీటర్లో తప్పు ఉండొచ్చు. మిత్సుబిషి జే4 సర్వోలో (మోటార్‌ను కచ్చితమైన స్థానానికి తిప్పి ఆపే రకం డ్రైవ్) ఏఎల్ 16 పవర్ ఇచ్చిన వెంటనే వస్తుంది, ఏఎల్ 20 నడుస్తూ ఉండగా వస్తుంది. రెండూ సర్వోకూ ఎన్‌కోడర్‌కూ మధ్య మాటలు తెగిపోయాయనే చెబుతాయి. అది ఎప్పుడు తెగిందన్న ఆ చిన్న తేడాయే మీకు చాలా ఉపయోగపడుతుంది. పవర్ ఇవ్వగానే వస్తే తెగిన వైరో ఊడిన ప్లగ్గో. నడుస్తూ వస్తే లూజ్ కనెక్షనో నాయిసో.

అందుకే రీసెట్ నొక్కే ముందు ఫోటో తీయండి. కోడ్, ఆ సమయంలో వేగం, కరెంటు, డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ లైన్) వోల్టేజ్ చాలా డ్రైవ్‌లు ఫాల్ట్ ట్రేస్‌లో దాచిపెడతాయి. షిఫ్ట్‌లో వాళ్లు పదిసార్లు రీసెట్ కొట్టాక నన్ను పిలిస్తే, పాత చరిత్ర అంతా చెరిగిపోయి ఉంటుంది.

ఏ, ఏ బార్, బి, బి బార్, జెడ్... ఇన్ని వైర్లు ఎందుకు?

ఏ, బి రెండూ ఒకే రకం పల్సులు, పావు వంతు తేడాతో వస్తాయి. ఏ ముందు వస్తే ఒక దిశ, బి ముందు వస్తే ఇంకో దిశ. జెడ్ రౌండుకు ఒక్కసారి. బార్ అన్నది అదే సిగ్నల్ తలకిందులుగా. డ్రైవ్ ఆ రెంటి తేడా చూస్తుంది కాబట్టి, దారిలో రెండు వైర్ల మీదా ఒకేలా పడిన నాయిస్ కొట్టుకుపోతుంది. కొందరు బార్ వైర్లు కోసేసి వదిలేస్తారు, "అవి లేకపోయినా నడుస్తోంది కదా" అని. నడుస్తుంది. పక్క ప్యానెల్లో పెద్ద మోటార్ స్టార్ట్ అయ్యేదాకా.

నా దగ్గర మల్టీమీటర్ ఒక్కటే ఉంది. దాంతో ఏమైనా తేలుతుందా?

చాలానే తేలుతుంది. ముందు పవర్ ఆఫ్ చేసి, ప్యానెల్ తలుపు మీద రాసిన నిమిషాల పాటు ఆగి, డీసీ బస్ డిశ్చార్జ్ అయిందని కొలిచి చూశాకే టెర్మినళ్లు ముట్టుకోండి. కళ్లకు కనపడేవి, చేతికి తగిలేవి ముందు: ప్లగ్గు బిగింపు, పచ్చదనం పట్టిన పిన్ను, గ్లాండు దగ్గర నలిగిన కేబుల్, టెర్మినల్లో స్క్రూ కింద రాగికి బదులు ఇన్సులేషన్ పట్టుకున్న వైరు. ఈ చివరిది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

తర్వాత కంట్రోల్ సప్లై మాత్రమే ఇచ్చి, మోటార్ కదలకుండా ఉన్నప్పుడు చూడండి. 5 వోల్టుల లైన్ డ్రైవర్ ఎన్‌కోడర్ (బార్ వైర్లతో జతగా సిగ్నల్ పంపే రకం) అయితే, ఏ కీ 0 వోల్టుకీ మధ్య, తర్వాత ఏ బార్‌కీ 0 వోల్టుకీ మధ్య కొలవండి. ఒకటి 2.5 వోల్టుల పైన, ఇంకొకటి 0.5 వోల్టు లోపల ఉండాలి. రెండూ పైనే ఉన్నా, రెండూ కిందే ఉన్నా ఆ జతలో ఒక వైరు తెగింది, లేదా ఎన్‌కోడర్ ఔట్‌పుట్ పోయింది. బి కీ ఇదే. తర్వాత ఒకరు షాఫ్ట్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే ఇంకొకరు మీటర్ చూడాలి. కొద్దిగా తిప్పగానే పైనున్నది కిందకూ, కిందున్నది పైకీ మారుతూ ఉండాలి. ఒక పల్సు అంటే చాలా చిన్న కోణం కాబట్టి మీటర్ అంకె గంతులేస్తుంది. గంతులేయడమే మనకు కావలసింది.

24 వోల్టుల రకం అయితే దాదాపు సున్నాకీ దాదాపు సప్లై వోల్టేజ్‌కీ మధ్య మారాలి. మోటార్ తిరుగుతున్నప్పుడు ఇదే ఎన్‌కోడర్‌ను డీసీ రేంజ్‌లో కొలిస్తే మీటర్ సగటు చూపిస్తుంది, సప్లైలో సుమారు సగం. ఏ మీద 11 వోల్టులు, బి మీద 23 వోల్టులు చూపిస్తే బి చచ్చిపోయినట్టే, ఇక ఆసిలోస్కోప్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. తిరిగే షాఫ్ట్ దగ్గర ప్రోబు పట్టుకోవద్దు. కొలవాల్సింది ప్యానెల్ దగ్గర. ఎన్‌కోడర్ ప్లగ్గును పవర్ ఉండగా పీకడం, పెట్టడం అసలు వద్దు.

సప్లై 5 వోల్టులు కరెక్ట్‌గానే ఉంది. అయినా ఫాల్ట్ వస్తోంది?

ఎక్కడ కొలిచారు? ప్యానెల్ దగ్గరా, మోటార్ దగ్గరా? డ్రైవ్ టెర్మినల్లో 5.0 ఉంటుంది. ఎన్‌కోడర్ ప్లగ్గు దగ్గర 4.3 ఉంటుంది. ఇది ఊహ కాదు, లెక్క. 0.25 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.07 ఓమ్. యాభై మీటర్ల కేబుల్‌లో పోవడానికి యాభై, రావడానికి యాభై, మొత్తం 100 మీటర్లు, అంటే 7 ఓమ్. ఎన్‌కోడర్ 100 మిల్లీయాంపులు లాగితే 0.7 వోల్టు దారిలోనే పోయింది. 5 వోల్టుల ఎన్‌కోడర్లు చాలావాటికి కనీసం 4.75 కావాలి. అలాంటిది ఉదయం చల్లగా ఉన్నప్పుడు నడిచి, మధ్యాహ్నం ఎండకు మొరాయిస్తుంది. మే నెలలో మన వైపు షెడ్డులో రేకు కింద ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు కదా. రాగికి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఎన్‌కోడర్ లోపలి చిప్పుకు అప్పటికే అంచున ఉన్న వోల్టేజ్ ఇంకాస్త తగ్గుతుంది.

ఖాళీగా ఉన్న కోర్లు ఉంటే వాటిని ప్లస్‌కూ 0 వోల్టుకూ ప్యారలల్‌గా కలపండి, డ్రాప్ సగమవుతుంది. కార్డులో సెన్స్ టెర్మినళ్లు ఉంటే వాడండి, అవి అవతలి చివర వోల్టేజ్ చూసి సప్లైని సర్దుతాయి. దూరం మరీ ఎక్కువైతే 10 నుంచి 30 వోల్టుల సప్లైతో 5 వోల్టుల సిగ్నల్ ఇచ్చే ఎన్‌కోడర్లు కూడా ఉన్నాయి, వాటిని అడగండి. సప్లైని చేత్తో 5.8కి పెంచేసే తెలివి మాత్రం వద్దు. కేబుల్ పొట్టిగా ఉన్న పక్క మిషన్‌కు అదే సెట్టింగ్ పెట్టి ఎన్‌కోడర్ కాల్చినవాళ్లను చూశాను.

మోటార్ రివైండింగ్ చేయించి బిగించాం. ఇప్పుడు మెల్లగా పాకుతోంది, కరెంటు మాత్రం ఫుల్‌గా లాగుతోంది. ఎన్‌కోడర్ దెబ్బతిన్నదా?

దాదాపు ఖచ్చితంగా కాదు. ఫేజులు మారి, మోటార్ ఒక వైపు తిరుగుతుంటే ఎన్‌కోడర్ ఇంకో వైపు చెబుతోంది. క్లోజ్డ్ లూప్ వెక్టర్‌లో, అంటే ఎన్‌కోడర్ చెప్పే వేగం చూస్తూ నడిపే పద్ధతిలో, డ్రైవ్‌కు ఇది పిచ్చెక్కించే పరిస్థితి. ముందుకు తోసేకొద్దీ వెనక్కి పోతున్నట్టు కనబడుతుంది, ఇంకా తోస్తుంది, కరెంటు లిమిట్ కొడుతుంది, చివరికి డీఈవీ లేదా ఓవర్‌కరెంట్ వస్తుంది.

తేల్చుకోవడం తేలిక. మోటార్‌ను లోడు నుంచి విడదీయగలిగితే విడదీసి, డ్రైవ్‌ను వీ బై ఎఫ్ మోడ్‌లో (ఎన్‌కోడర్‌ను పట్టించుకోకుండా నడిపే మామూలు పద్ధతి) ఐదు హెర్ట్జ్ దగ్గర నడపండి. ఎన్‌కోడర్ వేగం చూపే మానిటర్‌లో గుర్తు చూడండి. ముందుకు నడుపుతుంటే మైనస్ చూపిస్తే దిశ తిరగబడింది. మిషన్ సరైన వైపే తిరుగుతోంటే ఎన్‌కోడర్ దిశను మార్చండి. యాస్కావాలో దానికి ఎఫ్1-05 పారామీటర్ ఉంది. లేకపోతే ఏ నూ ఏ బార్‌నూ తారుమారు చేస్తే సరి. మిషనే వెనక్కి తిరుగుతోంటే మోటార్ ఫేజుల్లో రెండు మార్చండి. రెండూ ఒకేసారి మార్చకండి, మళ్లీ మొదటికే వస్తారు. నవ్వకండి, రాత్రి రెండింటికి అందరం చేస్తాం.

రోజంతా బాగానే నడుస్తుంది. ఒక్కో క్షణం ట్రిప్ అవుతుంది. రీసెట్ చేస్తే మళ్లీ నడుస్తుంది. ఇది ఎలా పట్టుకోవాలి?

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. దీనికి పరికరాల కంటే ముందు ఒక నోటు పుస్తకం కావాలి. ట్రిప్ అయిన టైమ్, ఆ క్షణంలో చుట్టూ ఏం జరిగింది, అంతే. రెండు రోజులు రాస్తే నమూనా బయటపడుతుంది.

ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో బ్లాకులు మోసే క్రేన్ ఉంది. దాని హాయిస్ట్ (బరువు లేపే భాగం) డ్రైవ్ రోజుకు ఐదారుసార్లు ట్రిప్. ఎన్‌కోడర్ మార్చారు, కార్డు మార్చారు, చివరికి డ్రైవే మార్చుదామన్నారు. ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, "సార్, లేపడానికి బటన్ నొక్కి, టక్ మని శబ్దం వచ్చినప్పుడే ఆగిపోతోంది" అన్నాడు. ఆ టక్ బ్రేక్ విడిచే శబ్దం. బ్రేక్ కాయిల్ కరెంటు తెగినప్పుడూ, తగిలినప్పుడూ వోల్టేజ్ ఎగిరి దూకుతుంది. బ్రేక్ వైర్లూ ఎన్‌కోడర్ వైర్లూ ఒకే మల్టీకోర్ కేబుల్లో పోయాయి. కోర్లు మిగిలాయి కదా అని ఎవరో వాడేసుకున్నారు. ఆ ఎగిరిన వోల్టేజ్‌ను మింగే సప్రెసర్ కూడా కాయిల్‌కు లేదు. ఏసీ కాయిల్‌కు ఆర్‌సీ లేదా వేరిస్టర్, డీసీ కాయిల్‌కు డయోడ్ లేదా వేరిస్టర్ పెట్టాలి. డయోడ్ పెడితే బ్రేక్ పడటం కాస్త ఆలస్యమవుతుంది, క్రేన్లో అది పనికిరాదు, అందుకని అక్కడ వేరిస్టర్ పెట్టాం. ఎన్‌కోడర్‌కు విడిగా షీల్డెడ్ ట్విస్టెడ్ పెయిర్ కేబుల్ లాగాం. పాత ఎన్‌కోడరే మళ్లీ బిగించాం.

మోటార్ పవర్ కేబుల్ ఇంకో పెద్ద దొంగ. డ్రైవ్ ఔట్‌పుట్ అంటే నున్నటి కరెంటు కాదు, సెకనుకు వేలసార్లు కోసిన వోల్టేజ్. దాని పక్కనే అదే ట్రేలో ఎన్‌కోడర్ కేబుల్ పడుకుంటే ఏదో ఒకటి అంటుకోక తప్పదు. కనీసం 30 సెంటీమీటర్లు దూరం పెట్టండి. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. మధ్యలో జంక్షన్ బాక్సు పెట్టి టేపు చుట్టిన అతుకులు ఉంటే వాటిని అనుమానించండి. అక్కడే షీల్డ్ తెగిపోయి ఉంటుంది. షీల్డ్‌ను అతుకు దాటించి కలపాలన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

ఆర్‌ఎస్ 422 లైన్ (5 వోల్టుల జత వైర్ల సిగ్నల్) పొడవుగా ఉంటే రిసీవర్ చివర 120 ఓమ్ టర్మినేషన్ రెసిస్టర్ ఉందో లేదో కూడా చూడండి. కార్డు మీద చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉండిపోయి ఉంటుంది.

షీల్డ్‌ను ఒక చివర కట్టాలా, రెండు చివర్లా కట్టాలా?

దీని మీద ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కో మతం. డ్రైవ్ చివర మాత్రం తప్పక కట్టాలి, అదీ పూర్తి చుట్టుకొలత తాకేలా మెటల్ క్లాంపుతో. షీల్డ్‌ను మెలితిప్పి పది సెంటీమీటర్ల తోకలా చేసి లగ్గు వేస్తే, డ్రైవ్ పుట్టించే హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌కు ఆ తోక అడ్డంకే కాదు. చాలా డ్రైవ్ మాన్యువళ్లు రెండు చివర్లా కట్టమనే చెబుతాయి. అయితే మోటార్ ఎర్త్, ప్యానెల్ ఎర్త్ మధ్య వోల్టేజ్ తేడా ఉంటే ఆ కరెంటు షీల్డ్ గుండా పారుతుంది. అప్పుడు షీల్డ్ విప్పేయడం కాదు చేయాల్సింది, మోటార్ బాడీకీ ప్యానెల్‌కూ మంచి బాండింగ్ కండక్టర్ లాగాలి. మీ ఎన్‌కోడర్ మాన్యువల్ ఒక వైపే అని రాస్తే ఆ మాటే వినండి.

కప్లింగ్ వల్ల సిగ్నల్ పోతుందా? అది మెకానికల్ వాళ్ల పని కదా.

కప్లింగ్ గ్రబ్ స్క్రూ లూజైతే మోటార్ తిరుగుతుంది, ఎన్‌కోడర్ షాఫ్ట్ ఊగుతూ జారుతుంది. సిగ్నల్ చూస్తే అద్దంలా శుభ్రంగా ఉంటుంది. డ్రైవ్ మాత్రం వేగం తప్పంటుంది. ఎలక్ట్రికల్ వాళ్లు మూడు రోజులు కేబుల్ వెతుకుతారు, ఫిట్టర్ ఒక్క ఆలెన్ కీతో రెండు నిమిషాల్లో తీర్చేస్తాడు. షాఫ్ట్ మీదా కప్లింగ్ మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. మరుసటి రోజు గీత రెండు ముక్కలుగా కనబడితే దొంగ దొరికాడు.

హాలో షాఫ్ట్ ఎన్‌కోడర్‌లకు ఒక వైపు టార్క్ ఆర్మ్ లేదా స్ప్రింగ్ బ్రాకెట్ ఉంటుంది. అది కాస్త ఆడాలి. "వణుకుతోంది" అని దాన్ని రెండు వైపులా బోల్టు వేసి బిగించేస్తే, మోటార్ షాఫ్ట్‌లో ఉన్న చిన్న వంకర అంతా ఎన్‌కోడర్ బేరింగ్ మీద పడుతుంది. కొన్ని నెలల్లో బేరింగ్ పోతుంది.

సుత్తి గురించి ఒక్క మాట. చాలా ఎన్‌కోడర్లలో డిస్కు గాజు. కప్లింగ్ ఎక్కడం లేదని టక్కున కొడితే లోపల సన్నగా చీలుతుంది. ఆ చీలిక దగ్గరికి వచ్చినప్పుడల్లా కొన్ని పల్సులు పోతాయి. రౌండుకు ఒకసారి, ఒకే చోట తప్పు వస్తుంటే ఆ కథ వెనుక సుత్తి ఉంటుంది.

పెద్ద మోటార్లలో షాఫ్ట్ కరెంటు ఎన్‌కోడర్ బేరింగ్ గుండా భూమికి దారి వెతుక్కుంటుంది. కొత్తది వేసినా ఏడాది తిరక్కుండానే బేరింగ్ అరుస్తుంటే ఇన్సులేటెడ్ కప్లింగ్ లేదా ఇన్సులేటెడ్ హబ్ ఉన్న ఎన్‌కోడర్ అడగండి.

తోతాపురి సీజన్‌లోనే మాకు ఈ ఫాల్టులు ఎక్కువ. కాకతాళీయమా?

కాదు. సీజన్‌లో యంత్రాలు రాత్రీ పగలూ నడుస్తాయి, షిఫ్ట్ మారినప్పుడల్లా హై ప్రెషర్ నీళ్లతో, వేడి కాస్టిక్‌తో కడుగుతారు. ఐపీ 65 (దుమ్మూ నీళ్లూ చొరబడకుండా ఎంత మూసి ఉందో చెప్పే అంకె) అన్న ఎన్‌కోడర్ నీటి ధారను తట్టుకుంటుంది కానీ ప్లగ్గు పూర్తిగా బిగించకపోతే ఆ ఐపీ అంతా కాగితం మీదే. వేడి మీద కడిగితే లోపలి గాలి ముడుచుకుని, షాఫ్ట్ సీలు గుండా తేమను లోపలికి లాక్కుంటుంది. డిస్కు మీద ఆవిరి పడితే ఆప్టికల్ రకం గుడ్డిదైపోతుంది. కడిగిన గంటకు ఫాల్ట్ వచ్చి, ఎండలో ఆరాక దానంతటదే బాగైతే ఇదే కారణం. అలాంటి చోట ఐపీ 67, కుదిరితే మ్యాగ్నెటిక్ రకం, కేబుల్ కిందకు ఒక వంపు తిరిగి ప్లగ్గులోకి ఎక్కేలా పెట్టండి. ఆ వంపులోంచి నీళ్లు కారిపోతాయి, ప్లగ్గులోకి రావు.

సీజన్ అయ్యాక ఇంకో ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీ నెలల తరబడి మూతపడుతుంది, తీయటి వాసనకు చేరిన ఎలుకలు మాత్రం అక్కడే కాపురం పెడతాయి. కేబుల్ ట్రెంచ్‌లో పైకి చూస్తే ఏమీ కనబడదు, షీల్డ్ దాకా కొరికి వదిలేసి ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ ట్రెంచ్‌లో నీళ్లు నిలుస్తాయి. మేలో మొదటి రోజు మిషన్ ఆన్ చేయగానే ఫాల్ట్. ఏప్రిల్‌లోనే ఒకసారి ట్రయల్ వేసుకోమని చెబుతాను. పది మందికి చెబితే ఇద్దరు వింటారు.

కేబుల్ బాగుందో లేదో మెగ్గర్ కొట్టి చూడొచ్చా?

మెగ్గర్ అంటే ఎక్కువ వోల్టేజ్ పంపి ఇన్సులేషన్ చూసే మీటర్. రెండు చివర్లా పూర్తిగా విప్పితేనే. ఎన్‌కోడర్‌కో కార్డుకో కలిసి ఉండగా 500 వోల్టులు పంపితే, అప్పటిదాకా బాగున్నది కూడా పోతుంది. చాలాసార్లు కంటిన్యుటీ చాలు. మీటర్ పెట్టి ఒకరు కేబుల్‌ను ప్రతి వంపు దగ్గరా మెల్లగా వంచుతుంటే ఇంకొకరు చూడాలి. డ్రాగ్ చైన్‌లో (కదిలే మిషన్‌తో పాటు కేబుల్‌ను మోసే గొలుసు) తిరిగే కేబుల్ అయితే కదిలినప్పుడే తెగుతుంది, ఆగినప్పుడు కలుస్తుంది. నిలబెట్టి కొలిస్తే ఎప్పుడూ పాసే.

కొత్త ఎన్‌కోడర్ అదే ప్లగ్గు, అదే సైజు. పెట్టగానే పొగ వచ్చింది. ఎందుకు?

రంగులు నమ్మినందుకు. ఎరుపు ప్లస్ అని ఎవరూ అన్ని కంపెనీలకూ చట్టం చేయలేదు. పిన్ను నంబర్లు కూడా మారతాయి. పాతది 24 వోల్టులది, కొత్తది 5ది అయితే పొగే. లేబుల్ మీద సప్లై, ఔట్‌పుట్ రకం, పల్సుల సంఖ్య మూడూ చదివాకే వైరు ముట్టుకోండి.

పల్సుల సంఖ్య మారినా పొగ రాదు, అందుకే అది ఇంకా ప్రమాదం. 1000 పల్సులది తీసి 1024ది పెట్టి, పారామీటర్ 1000గానే వదిలేస్తే మోటార్ సుమారు 2.3 శాతం మెల్లగా తిరుగుతుంది. ఒక్క మోటారైతే ఎవరూ గమనించరు. రెండు రోలర్లు కలిసి ఫిల్మ్ లాగే మిషన్లో అయితే ఫిల్మ్ సాగుతుంది, తెగుతుంది. తప్పు ఫిల్మ్ సప్లయర్ మీద పడుతుంది.

కొత్త ఎన్‌కోడర్ ఫ్రీక్వెన్సీని కార్డు పట్టుకోగలదా అన్నదీ చూడాలి. వేగాన్ని పల్సులతో గుణించి 60తో భాగించడమే. 1500 ఆర్‌పీఎం, 1024 పల్సులకు 25,600 హెర్ట్జ్. 5000 పల్సులది పెడితే 1,25,000 హెర్ట్జ్. కొన్ని 24 వోల్టుల కార్డులు, పొడవైన కేబుళ్లు అంత దూరం రావు.

పొడవు కోసే మిషన్లో రోజూ సైజు కొంచెం కొంచెం తప్పుతోంది. ఫాల్ట్ మాత్రం రాదు.

తప్పు ఎటువైపు పోతోందో చూడండి. ఎప్పుడూ ఒకే వైపు, ఒకే మోతాదులో అయితే కొలిచే చక్రం అరిగింది, లేదా జారుతోంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు అయితే నాయిస్ పల్సులను కలుపుతోంది, తీసేస్తోంది. షాఫ్ట్ మీద గీత గీసి చేత్తో సరిగ్గా పది రౌండ్లు తిప్పి కౌంట్ చూడండి. 1024 పల్సులదైతే నాలుగు రెట్ల లెక్కలో (ఏ, బి పల్సులు మారిన ప్రతిసారీ లెక్కపెడితే) 40,960 రావాలి. చేత్తో తిప్పినప్పుడు సరిగ్గా వచ్చి, డ్రైవ్ నడిపినప్పుడు తప్పితే అనుమానం అంతా కేబుల్ దారి మీదే.

స్పేర్ చెన్నై నుంచి రావాలి. అప్పటిదాకా ఎన్‌కోడర్ లేకుండా నడపొచ్చా?

ఫ్యాను, పంపు, మామూలు కన్వేయర్ అయితే ఎన్‌కోడర్ అక్కర్లేని ఓపెన్ లూప్ వెక్టర్‌కో వీ బై ఎఫ్‌కో మార్చి నడుపుకోవచ్చు. మోడ్ మార్చితే ఆటో ట్యూనింగ్ (డ్రైవ్ తనంతట తానే మోటార్ లెక్కలు కొలుచుకోవడం) మళ్లీ అడగొచ్చు. మార్చే ముందు పాత పారామీటర్లన్నీ కీప్యాడ్‌లోకి కాపీ చేసుకోండి. తక్కువ వేగంలో బలం తగ్గుతుంది, అది తెలిసి నడపాలి.

క్రేను, హాయిస్టు, లిఫ్టు అయితే వద్దు. బరువు గాల్లో ఉన్నప్పుడు డ్రైవ్‌కు వేగం తెలియకపోతే ఏమవుతుందో నేను రాయనక్కర్లేదు. ఫాల్ట్ డిటెక్షన్‌ను అలారంగా మార్చేసి నడిపించే సెట్టింగ్ చాలా డ్రైవ్‌లలో ఉంటుంది. ప్రొడక్షన్ ఒత్తిడిలో ఎవరో ఒకరు "అది ఆఫ్ చేసెయ్ అన్నా" అంటారు. ఎంత పెద్ద ఆఫీసరు అన్నా చేయకండి.

సర్వోలో ఎన్‌కోడర్ బ్యాటరీ అలారం వస్తోంది. ఆదివారం ఆపినప్పుడు మారుస్తాం, పర్వాలేదా?

ఆపి మారిస్తేనే ప్రమాదం. బ్యాటరీ ఉన్న ఆబ్సొల్యూట్ ఎన్‌కోడర్‌లో (పవర్ పోయినా స్థానం గుర్తుంచుకునే రకం) రౌండ్ల లెక్క ఆ 3.6 వోల్టుల లిథియం సెల్లు మీదే నిలబడుతుంది. యాస్కావా సిగ్మాలో ఏ.830 వస్తే బ్యాటరీ నీరసించిందని ముందస్తు మాట. ఏ.810 వస్తే లెక్క పోయినట్టే. మిత్సుబిషిలో ఏఎల్ 25 కూడా అదే చావు కబురు. కాబట్టి కంట్రోల్ పవర్ ఆన్‌లో ఉండగా, మెయిన్ పవర్ ఆఫ్ చేసి, బ్యాటరీ మార్చండి. ఆ కేబుల్‌ను పవర్ ఆఫ్‌లో విప్పినా కొన్ని మోడళ్లలో లెక్క పోతుంది. పోయాక మిషన్ హోమ్ పొజిషన్ మళ్లీ సెట్ చేయాలి. అందుకు అవసరమైన గుర్తు గీతలు గానీ, పిన్ను గానీ, డ్రాయింగు గానీ మీ దగ్గర ఉన్నాయా అన్నది శనివారమే చూసుకోండి.

మా లాడ్జి లిఫ్టులో కూడా ఎన్‌కోడర్ ఫాల్ట్ అంటున్నారు. మీరు చెప్పినవే చేసుకోవచ్చా?

బ్రహ్మోత్సవాల వారం తిరుపతిలో ఈ ఫోను తప్పకుండా వస్తుంది, రద్దీలో లిఫ్ట్ ఆగితే ఓనరుకు ఊపిరాడదు. అయినా వద్దు. గేర్‌లెస్ లిఫ్ట్ మోటార్లో ఎన్‌కోడర్ వేగమే కాదు, రోటార్ అయస్కాంతం ఏ కోణంలో ఉందో కూడా చెబుతుంది. దాన్ని విప్పి మళ్లీ బిగిస్తే ఆ ఆఫ్‌సెట్ మారిపోతుంది, మళ్లీ ట్యూన్ చేయకుండా నడిపితే మోటార్ అదుపు తప్పొచ్చు. కనెక్టర్ లూజుందేమో కళ్లతో చూసి, లిఫ్ట్ కంపెనీ మనిషి వచ్చేదాకా తాళం వేయండి.

రిజాల్వర్ ఉన్న మోటార్ అయితే?

రిజాల్వర్ కూడా షాఫ్ట్ కోణం చెప్పేదే, కానీ అందులో ఎలక్ట్రానిక్స్ లేదు, వైండింగులే. వేడికి, వణుకుకు బాగా ఓర్చుకుంటుంది. ప్లగ్గు విప్పి మూడు వైండింగులనూ ఓమ్స్‌లో కొలవండి. సైన్, కొసైన్ రెండూ దాదాపు సమానంగా ఉండాలి, ఏదీ బాడీకి తగలకూడదు. సరిపోతే కేబుల్ వైపు తిరగండి.

ఏ స్పేర్లు దగ్గర పెట్టుకోవాలి?

ప్రతి రకానికీ ఒక ఎన్‌కోడర్ కొనిపెట్టడం అందరి వల్లా కాదు. ఫ్యాక్టరీలో ఎక్కువ మోటార్లకు వాడే రకం ఒకటి, కప్లింగ్‌లు రెండు, రెడీగా ప్లగ్గు వేసిన కేబుల్ ఒకటి పెట్టుకోండి. ఆ కేబుల్‌ను ట్రేలో వేయకుండా నేల మీదే ప్యానెల్ నుంచి మోటార్ దాకా పరిచి నడిపి చూస్తే, తప్పు పాత కేబుల్‌దా కాదా అన్నది పావుగంటలో తేలుతుంది. స్పేర్ ఎన్‌కోడర్‌ను కూడా మోటార్‌కు బిగించకుండానే కార్డుకు కలిపి, షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పి, మానిటర్‌లో అంకె కదులుతుందా చూడొచ్చు. కదిలితే కార్డు బాగున్నట్టే, మిగిలింది మోటార్ వైపు.

ఇంకా ఒకటి, దీనికి పైసా ఖర్చు లేదు. ఎన్‌కోడర్ లేబుల్‌ను కొత్తగా ఉన్నప్పుడే ఫోటో తీసి, ప్రింటు వేసి, ప్యానెల్ తలుపు లోపల అంటించండి. రెండేళ్లకు గ్రీజు పట్టి లేబుల్ మాసిపోతుంది. అప్పుడు అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి "అన్నా, నల్లగా, గుండ్రంగా ఉంది" అంటే నేను ఏది తెచ్చివ్వను?